పామీరు దారి – మా ప్రయాణపు ఏర్పాట్లు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పావుగంటసేపు మాట్లాడమని ఆజ్ఞాపించారు. నేను పండితుణ్ని కాను. పదవ తరగతితో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా కుదురుకొన్నవాణ్ని. నేను ప్రతిదినమూ పారాయణం చేసే గ్రంథాలు రెండే. ఒకటి టైంటేబులు, రెండవది లీవు రిజిస్టరు. అయినా కొన్నాళ్లుగా మన పెరంబూరులో ఒక వార్త తిరుగుతున్నది. మేము నలుగురం మధ్య ఆసియాలోని పామీరు పర్వతాలలో మోటారు ప్రయాణం చేయబోతున్నామని ఆ వార్త. అది ఇల్లు దాటినకొద్దీ పెరిగి, మేము ఎవరెస్టు ఎక్కబోతున్నామనీ, ఉద్యోగాలకు రాజీనామా ఇచ్చేశామనీ కూడా చెప్పుకొంటున్నారు. కావున ఉన్నది ఉన్నట్టు సభాముఖంగా మనవి చేసుకోవడమే మంచిదని ఒప్పుకొన్నాను.

ముందు ఆ ప్రదేశం ఎక్కడున్నదో చెబుతాను. మన కాశ్మీరానికి ఉత్తరాన హిమాలయం, కారాకోరం, హిందూకుష్, కున్‌లున్, తియాన్‌షాన్ మొదలైన పర్వత పంక్తులు దగ్గరగా చేరేచోట ఒక ఎత్తయిన కొండసీమ ఉన్నది. అదే పామీరు. అందులో పెద్దభాగం తజికిస్తాన్ దేశానిది. కొంత కిర్గిజిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్, చైనాలకు చెందినది. పటంలో చూస్తే మనకు కూతవేటు దూరమే అనిపిస్తుంది గాని, మన నేల నుండి బండి తోలుకొంటూ పోయే దారి లేదు. ఢిల్లీలో విమానమెక్కి తజికిస్తాన్ రాజధాని దుషాంబేలో దిగవలసినదే.

మనకూ ఆ కొండలకూ ఏం సంబంధమని అడిగేవారున్నారు. ఏడవ శతాబ్దంలో మన ఆంధ్రదేశం వచ్చి, ధాన్యకటక ప్రాంతపు బౌద్ధ విహారాలను గురించి వ్రాసిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ తిరుగు ప్రయాణంలో ఆ పామీరు మీదుగానే దాటి 645లో స్వదేశం చేరాడు. కాకతీయుల నాటి మోటుపల్లి రేవును వర్ణించిన మార్కోపోలో, చైనాకు పోతూ ఆ కొండలు దాటినవాడే. ఇంకొకటి మన ఊరికి మరీ దగ్గరిది. మనం లోకల్ రైల్లో చూసే పరంగిమల దగ్గర 1802లో లాంబ్టన్ దొర గొలుసుతో నేల కొలవడం ప్రారంభించాడు. ఆ కొలత త్రికోణాల మీద త్రికోణంగా దేశమంతా పాకి, హిమాలయాలు దాటి, 1913లో పామీరు ప్రాంతంలో రష్యావారి కొలతతో కలిసింది. అంటే మన మద్రాసు నుండి బయలుదేరిన గొలుసు అక్కడిదాకా పోయిందన్నమాట. గొలుసు పోయినచోటికి గుమాస్తా పోకూడదా?

ఇక రోడ్డు సంగతి. సోవియట్ ప్రభుత్వం వారు 1931–34 మధ్య కిర్గిజిస్తాన్‌లోని ఓష్ నగరం నుండి పామీరులోని ఖొరోగ్ పట్టణం వరకు మోటారు రోడ్డు వేశారు. తర్వాత అది దుషాంబేతో కలిసింది. దానిని ఎం–41 అంటారు. దుషాంబే నుండి ఓష్ వరకు పన్నెండు వందల కిలోమీటర్లకు పైమాట. కొన్నిచోట్ల తారు, కొన్నిచోట్ల కంకర, కొన్నిచోట్ల వట్టి గతుకులు. అందులో అన్నిటికన్నా ఎత్తయిన కనుమ ఆక్‌బైతాల్. దాని ఎత్తు 4,655 మీటర్లు. మన తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే. ఊటీ 2,240 మీటర్లు. ఊటీ మీద ఇంకొక ఊటీ పెట్టినా ఆ కనుమను అందుకోలేదు.

ఇప్పుడు మా ప్రణాళిక అసలు ముడి విప్పుతాను. రైల్వేలో ప్రయాణాన్ని కిలోమీటర్లతోనూ గంటలతోనూ కొలుస్తాము. పామీరులో రాత్రి ఎన్ని మీటర్ల ఎత్తున పడుకొంటున్నామన్న దానితో కొలవాలి. పగలు ఎంత ఎత్తు ఎక్కి దిగినా శరీరం కొంత సర్దుకొంటుంది. నిద్రించే ఎత్తు తొందరగా పెరిగితే సర్దుకోదు. మూడు వేల మీటర్లు దాటిన తర్వాత రోజుకు అయిదు వందల మీటర్లకు మించి నిద్రించే ఎత్తు పెంచరాదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒకేచోట ఆగాలని వైద్యులు చెబుతారు. మీరితే తలనొప్పి, వికారం, నీరసం వస్తాయి. అది కొండజబ్బు. దానిని లక్ష్యపెట్టకుండా ఇంకా పైకి పోతే మెదడులోనో, ఊపిరితిత్తులలోనో నీరు చేరుతుంది. అప్పుడు ప్రాణాపాయం. మొదటి మందు క్రిందికి దిగడమే. మాత్రలు ఉన్నవి, ప్రాణవాయువు ఉన్నది. ఏది వాడినా దిగడం తప్పదు.

ఓష్ వైపు నుండి ఎక్కితే మొదటి రోజే వెయ్యి మీటర్ల ఎత్తు నుండి మూడు వేలు దాటిపోతాము. అందుచేత మేము దుషాంబే వైపు నుండి ఎక్కదలచాము. దుషాంబే సుమారు 800 మీటర్లు, అక్కడ రెండు రాత్రులు. తర్వాత పంజ్ నది ఒడ్డున కలాయిఖుమ్, 1,200 మీటర్లు, ఒక రాత్రి. ఖొరోగ్ 2,100 మీటర్లు, అంటే మన ఊటీ లాంటిదే, రెండు రాత్రులు. అక్కడ నుండి ఎం–41ను వదిలి వఖాన్ లోయలోకి తిరిగి ఇష్కాషిమ్, 2,500 మీటర్లు, ఒక రాత్రి. లోయ చివర లంగర్ అనే పల్లె, 2,900 దరిదాపు, రెండు రాత్రులు. ఆవలి ఒడ్డున ఆఫ్ఘనిస్తాన్ పొలాలు కంటికి కనిపిస్తూ ఉంటాయి.

లంగర్ తర్వాత ఖర్గుష్ కనుమ, 4,344 మీటర్లు. అది దాటితే పీఠభూమి. చాలామంది యాత్రికులు ఆ రోజు అలిచూర్ అనే ఊళ్లో ఆగుతారు. అది 3,850 దరిదాపు. మేము మాత్రం ఇంకొక వంద కిలోమీటర్లు తోలి ముర్గాబు చేరి పడుకొంటాము. ముర్గాబు 3,600 మీటర్లు. ఒళ్లు హూనమైనా సరే, రెండువందల యాభై మీటర్లు క్రిందికి వచ్చి నిద్రపోవడం లాభమని మా లెక్క. అయినా ఆ ఒక్కరోజు పెరుగుదల ఏడువందల మీటర్లు. నియమానికి రెండువందలు ఎక్కువే. అందుకే దానికి ముందు లంగర్‌లో రెండు రాత్రులు ఉండి, పగలు పైకి నడిచి క్రిందికి రావడం, దాని తర్వాత ముర్గాబులో రెండు రాత్రులు నిలవడం. ముర్గాబు నుండి ఆక్‌బైతాల్ దాటి, కారాకుల్ సరస్సు ఒడ్డున టీ త్రాగి, కిజిల్‌ఆర్ట్ కనుమ వద్ద సరిహద్దు దాటి, అదే సాయంత్రానికి సారీతాష్, 3,170 మీటర్లు. కారాకుల్ ఉల్కాపాతం వలన ఏర్పడిన గుంటలోని ఉప్పునీటి సరస్సు. ఎంతో అందమైనదని చెబుతారు. కాని అది 3,900 మీటర్ల ఎత్తున ఉన్నది. చూసి పోదాము గాని అక్కడ పడుకోము. మరునాటికి ఓష్.

ఈ పట్టికలో ఒక చిక్కున్నది. అది తెలిసిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. జబ్బు చేస్తే దిగాలన్నాను గదా. ముర్గాబులో జబ్బు చేస్తే ఎటు దిగాలి? ఖొరోగ్ వైపు పోదామంటే కోయ్‌తెజెక్ కనుమ 4,271 మీటర్లు. ఓష్ వైపు పోదామంటే ఆక్‌బైతాల్ 4,655. తూర్పున చైనా వైపు కుల్మా కనుమ 4,363. ముర్గాబు పెద్ద పళ్లెం వంటిది. ఆ పళ్లెంలో నుండి క్రిందికి దిగాలంటే ముందు అంచు ఎక్కాలి. దిగితేగాని బ్రతకని రోగిని ఎక్కించి తీసుకుపోవాలి. కనుక నిర్ణయం ముర్గాబులో చేసేది కాదు. లంగర్‌లోనే చేయాలి. అక్కడ నుండి వెనక్కు తిరిగితే నదివెంట క్రిందికి క్రిందికి ఖొరోగ్ ఆసుపత్రి దాకా పోవచ్చును.

ఈ సభలో సగంమంది రైల్వే కుటుంబాలవారే. సింగిల్ లైను సెక్షనులో ముందు స్టేషను లైన్ క్లియర్ ఇవ్వనిదే బండి కదలదు గదా. సెక్షనులోకి పోయిన తర్వాత ఆలోచిస్తామంటే కుదరదు. మా ప్రయాణంలో లంగర్ ఆ స్టేషను. నలుగురికీ లైన్ క్లియర్ వస్తేనే బండి కదులుతుంది. ఒక్కరికి రాకపోయినా బండి వెనక్కే.

ఇప్పుడు ఆ నలుగురెవరో చెప్పాలి. నేనొకణ్ని. మన బడిలో లెక్కలు చెప్పే మేష్టారొకరు. మా బావమరిది, ఇరవై ఎనిమిదేళ్లవాడు, మోటారు మెకానిక్కు. నాలుగవవారు షెడ్డులో ఫిట్టరుగా పనిచేసే పెద్దాయన. మేమందరం అన్నయ్యగారని పిలుస్తాము. వారికిప్పుడు యాభై ఎనిమిది. మరి రెండేళ్లలో రిటైరవుతారు. ఈ యాత్ర మొదట వారి మనసులో పుట్టినదే. నాలుగేళ్లుగా నలుగురం చీటీ కట్టి, మనిషికి రెండున్నర లక్షల లెక్కన కూడబెట్టాము. మళ్లీ ఇంత డబ్బు, ఇన్ని రోజుల సెలవు కలిసిరావడమన్నది మా బోటివారికి జన్మలో జరిగే పని కాదు.

ఫాల్గుణ మాసంలో ఈ పట్టిక పట్టుకొని అందరి ఇళ్లకూ వెళ్లాము. మేష్టారి తండ్రిగారు డబ్బు సంగతి అడిగారు. మా ఇంట్లో పిల్లల పరీక్షల సంగతి అడిగారు. అన్నయ్యగారి భార్య, మేము వదినగారంటాము, ఇప్పుడు మొదటి వరుసలోనే కూర్చున్నారు. వారు అంతా విని ఒక్కటే ప్రశ్న వేశారు.

"లంగర్‌లో అందరూ బాగుంటేనే ముందుకు పోతామంటున్నారు. సరే. మీ అన్నయ్యకు తలనొప్పి వచ్చిందనుకో. నా మూలాన ముగ్గురి డబ్బూ పాడైపోతుందని ఆ మనిషి నోరు విప్పుతారా నాయనా? ఇంట్లో జ్వరమొస్తేనే చెప్పని మనిషి!"

మా దగ్గర సమాధానం లేదు. అన్నయ్యగారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. నిజమే మరి. ఎత్తులు లెక్క కట్టాము, పెట్రోలు లెక్క కట్టాము. మొహమాటాన్ని లెక్క కట్టలేదు. మన తెలుగువారి మొహమాటం మీకు చెప్పాలా? విస్తరిలో వడ్డించింది అరగకపోయినా వద్దనలేము. నలుగురి సంతోషం పాడుచేయడం కన్నా ఒళ్లు పాడుచేసుకోవడమే మర్యాద అనుకొంటాము. ఊళ్లో ఆ మర్యాదకు ఒకపూట అజీర్ణంతో సరిపోతుంది. 4,300 మీటర్ల మీద అదే మర్యాద మనిషిని మింగుతుంది.

అందుచేత మళ్లీ నలుగురం కూర్చొని మొహమాటానికి కూడా ఒక ఏర్పాటు చేశాము. మొదటిది, రోజూ ఉదయం మేష్టారు రిజిస్టరు తెరుస్తారు. తలనొప్పి, వికారం, నీరసం, తలతిరుగుడు అని నాలుగు గళ్లు. ఒక్కొక్కదానికి సున్న నుండి మూడు వరకు మార్కులు. ఇది మా కల్పన కాదు, కొండజబ్బును కొలవడానికి వైద్యులు వాడే పద్ధతే. తలనొప్పి ఉండి, మొత్తం మూడు గాని అంతకు మించి గాని వస్తే కొండజబ్బు క్రింద లెక్క. ఆ వేళ పైకి ప్రయాణం లేదు. ఒకరి మార్కులు మరొకరు చూసి వేయాలి. భోజనం వదిలేసినవాడు "ఆకలి లేదండీ" అని తప్పించుకోవడానికి వీలులేదు. రెండవది, ప్రతి ఒక్కరూ గీత మీద మడమకు బొటనవేలు ఆనించి పదడుగులు నడిచి చూపాలి. అడుగు తడబడితే మెదడుకు దెబ్బ తగిలినట్టే. అప్పుడిక మార్కులతో పనిలేదు, వెంటనే దిగవలసినదే. కూర్చున్నచోట కూడా ఆయాసం వస్తే, దగ్గు విడవకపోతే, అంతే.

మూడవది డబ్బు. ఎవరి మూలాన వెనక్కు తిరిగినా నష్టం నాలుగు సమాన భాగాలు. ఇది కాగితం మీద వ్రాసి నలుగురం సంతకాలు చేశాము. నాలుగవది వదినగారే చేర్పించారు. వెనక్కు తిరిగిన పిమ్మట, ఊరు చేరిన పిమ్మట, ఎన్నేళ్లు గడిచినా, "ఆనాడు ఫలానావారి వల్ల ఆగిపోయాము" అన్న మాట ఎవరి నోటా రాకూడదు. హాస్యానికైనా రాకూడదు. ఆ కాగితం వదినగారి బీరువాలో ఉన్నది. దానిమీద సంతకం చేసేటప్పుడు అన్నయ్యగారి చెయ్యి కాస్త వణికింది. "ఇప్పుడు నాకు ధైర్యంగా ఉన్నదయ్యా" అన్నారు.

ఇక బండి విషయం. మా బావమరిది తానే తోలుతానని పట్టుపట్టాడు. వాడికి చెయ్యి తిరిగిన మాట నిజమే. కాని అక్కడ బండ్లు రోడ్డుకు కుడిప్రక్కన నడుస్తాయి. వాగులలో నీరు ఎక్కడ లోతో, ఏ వంతెన మీద నమ్మకం లేదో అక్కడివారికే తెలుసు. అన్నిటికీ మించి, మా నలుగురికీ తల బరువెక్కే చోట, ఆ గాలిలోనే పుట్టి పెరిగినవాడు చక్రం పట్టడం క్షేమం. అందుకని అక్కడి డ్రైవరుతో కూడా నాలుగు చక్రాలకూ ఊపు అందే బండి అద్దెకు తీసుకోవడానికి నిశ్చయించాము. "సాహసమంతా పోయింది బావా" అని వాడు నిట్టూర్చాడు. టైర్లు, బెల్టులు, ఎయిర్ ఫిల్టరు పరీక్షించే అధికారం వాడిదేనని చెప్పి సమాధానపరిచాము. రెండు స్టెప్నీలు లేనిదే బండి ఎక్కనని వాడూ షరతు పెట్టాడు.

పెట్రోలు లెక్క ఇట్లా ఉన్నది. ఖొరోగ్ నుండి వఖాన్ మీదుగా ముర్గాబుకు 430 కిలోమీటర్లకు పైమాట. మధ్యలో నమ్మదగిన బంకు ఉంటుందని అనుకోము. నూరు కిలోమీటర్లకు పదహారు లీటర్ల చొప్పున సుమారు డెబ్భై లీటర్లు. గతుకుల కోసం నాలుగవవంతు కలిపితే ఎనభై ఎనిమిది. అటువంటి పెద్దబండి ట్యాంకు తొంభై లీటర్లు పట్టినా, ఇరవై లీటర్ల డబ్బాలు రెండు విడిగా పెట్టుకొంటాము. పైకి పోయినకొద్దీ గాలి పలచబడుతుంది. ఆక్‌బైతాల్ మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో నూటికి యాభై ఆరు వంతులే. ఊపిరి మనిషికి ఎట్లా చాలదో, టర్బో లేని ఇంజనుకూ అట్లాగే చాలదు. దాని బలం పదింట నాలుగు వంతులు పోతుంది. కనుక సామాను తగ్గించవలసినదే.

సామాను అన్నానని మా ఇంట్లోవారు నవ్వుతున్నారు. ఆవకాయ జాడీ గురించి మాకూ వారికీ ఇంకా రాజీ కుదరలేదు. అక్కడ పల్లెల్లో ఇళ్లలోనే బస దొరుకుతుంది. రొట్టె, టీ, బంగాళాదుంప, పెరుగు పెడతారు. పాలూ ఉప్పూ వేసిన టీలో రొట్టె నానవేసుకొని తినడం పామీరువారి ఆచారం. మాంసం తినని మేష్టారికి అటుకులు, కందిపొడి, వేయించిన రవ్వ మోసుకుపోతున్నాము. ముర్గాబులో నీళ్లు ఎనభై ఎనిమిది డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో ఎంత మరిగించినా పప్పు సరిగా ఉడకదు. అక్కడ మంట కూడా చురుకుగా మండదని మార్కోపోలో వ్రాశాడు. చలివల్ల అనుకొన్నాడు గాని గాలి పలచన సంగతి ఆ రోజుల్లో ఎవరికి తెలుసు? మేము చిన్న ప్రెషర్ కుక్కరు తీసుకుపోతున్నాము.

ఋతువు సంగతి. శీతాకాలంలో ఆ కనుమలు మంచులో మునిగి ఉంటాయి. జులైలో ఎండకు హిమానీనదాలు కరిగి మధ్యాహ్నానికి వాగులు పొంగుతాయి. 2015 జులైలో ఖొరోగ్ సమీపాన బర్సెమ్ అనే ఊరి మీదికి బురదా రాళ్లూ ప్రవాహంగా దిగి గుంట్ నదికి అడ్డుపడ్డాయి. నది సరస్సుగా నిలిచి ఎం–41 మునిగిపోయింది. ఆ కొండలు కదిలే కొండలు. 1911 ఫిబ్రవరి భూకంపానికి ఒక కొండచరియ విరిగి ముర్గాబు నదికి అడ్డంగా పడి, సుమారు 560 మీటర్ల ఎత్తున సహజమైన ఆనకట్ట అయింది. మన నాగార్జునసాగరం ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. దాని వెనుక నిలిచిన సరేజ్ సరస్సు నేటికీ ఉన్నది. అందుకని ఆగస్టు చివర బయలుదేరి సెప్టెంబరు నడుమకు తిరిగిరావాలని నిర్ణయించాము. వాగులు దాటే పని ఎప్పుడూ ఉదయంపూటే.

కాగితాల సంగతి. తజికిస్తాన్‌కు ఒక వీసా, కిర్గిజిస్తాన్‌కు ఒక వీసా. పామీరు ఉన్నది పర్వత బదక్షాన్ ప్రాంతంలో కనుక దానికి ప్రత్యేక అనుమతి. మా ఉద్యోగులకు విదేశం పోవడానికి ఆఫీసు అనుమతి. ఎత్తుకు పరిమితి పెట్టని బీమా. కొన్ని పాలసీలు కొంత ఎత్తు దాటితే చెల్లవు. ఆ చిన్న అక్షరాలు చదివే పని గుమాస్తానైన నాకే అప్పగించారు. ఒక దేశపు బండి రెండవ దేశంలోకి పోవడం తేలిక కాదు కనుక, కిజిల్‌ఆర్ట్ వద్ద బండి మారి, ఓష్ నుండి వచ్చే బండి ఎక్కుతాము.

అనుమతి చేతిలో ఉన్నంత మాత్రాన దారి తెరిచి ఉన్నదనుకోరాదు. 2021 ఏప్రిల్ చివర ఆ రెండు దేశాల మధ్య సరిహద్దున కాల్పులు జరిగి దారులు మూతపడ్డాయి. 2022 సెప్టెంబరులో మరల పోరు జరిగింది. 2025 మార్చి 13న ఇరుదేశాల అధ్యక్షులు సరిహద్దు ఒప్పందం మీద సంతకాలు చేశాక దారులు తెరుచుకోవడం మొదలయింది. 2022 మే నెలలో బదక్షాన్‌లోనే అలజడి రేగి ప్రాణనష్టం జరిగింది. 2025 నవంబరు చివర ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దున జరిగిన దాడులలో చైనా పనివారు కొందరు మరణించారు. మేము పోయే నదిరోడ్డు ఆ సరిహద్దు వెంటనే పోతుంది. ఇవి దాచి చెప్పడం ధర్మం కాదు. బయలుదేరే వారంలో మన రాయబార కార్యాలయం వారి సూచనలు చూస్తాము. పోవద్దంటే పోము. టిక్కెట్టు సొమ్ము పోతే పోనీ.

చివరగా సెలవు. పైన చెప్పిన బసలకు రానూపోనూ ప్రయాణాలు కలిపితే పదహారు రాత్రులు. మేము పెట్టిన సెలవు ఇరవై రోజులు. ఆ నాలుగు రోజులెందుకని మా బావమరిది అడిగాడు. రైల్వేవారి ఇంటి పిల్లవాడు అడగవలసిన ప్రశ్న కాదది! మన బండ్లు ఆఖరి స్టేషనుకు ముందు పావుగంట దూరాన్ని నలభై నిమిషాలుగా టైంటేబులులో వేస్తారు. అది దారిలో పోయిన కాలాన్ని రాబట్టుకోవడానికి దాచిన సమయం. ఆ జాగా లేని టైంటేబులు కాగితం మీదే సరిగా నడుస్తుంది. మా నాలుగు రోజులలో ఒకటి వాగుకు, ఒకటి సరిహద్దుకు, ఒకటి బండికి. మిగిలినది ఎవరి తలనొప్పికో. ఎవరికీ రాకపోతే ఓష్ బజారులో కూర్చొని పుచ్చకాయ తింటాము.

మన కాలనీ కుర్రవాళ్లు కొందరు వచ్చే ఏడు తామూ పోతామని నా దగ్గరకు వస్తున్నారు. ఏ బండి, ఎంత ఖర్చు అని అడుగుతున్నారు. వారికి నా మనవి ఒక్కటే. ముందుగా మీ జట్టులో ఎవడు మొహమాటస్థుడో చూడండి. వాడు నోరు తెరిచి "నాకు బాగాలేదు, వెనక్కు పోదాం" అని సిగ్గుపడకుండా చెప్పగలిగే ఏర్పాటు చేయండి. ఆ తర్వాత బండి సంగతి, డబ్బు సంగతి చూసుకోవచ్చును.

ఈరోజు ప్రవేశించిన సంవత్సరం పేరు పరాభవ. ఆ పేరు పెట్టుకొని కొండలకు పోవడమేమిటని కొందరు పెద్దలు అనుమానపడుతున్నారు. లంగర్ నుండి వెనక్కు తిరిగితే మాకు పరాభవం కాదని నలుగురం ముందే వ్రాసి సంతకాలు చేసి ఉన్నాము. ఇక ఆ పేరు మమ్మల్నేమి చేస్తుంది? నలుగురం పోయి నలుగురం తిరిగివస్తే అదే మాకు విజయం. ఆక్‌బైతాల్ చూసినా సరే, చూడకపోయినా సరే.

తల్లులారా, మీరందరూ ఉగాది పచ్చడి పెట్టిన చేతులతోనే మమ్మల్ని ఆశీర్వదించండి. వదినగారూ, ఆ కాగితం జాగ్రత్తగా ఉంచండి.